అత్త కల్లంలో బూజు

ఆ రోజుల్లో నాకు బూజు కనపడితే చాలు, పండగే. ఇరవై ఆరేళ్ళ వయసులో మిగతా ఆడపిల్లలు ఏ షాపు అద్దాల ముందు ఆగేవారో నాకు తెలియదు గానీ, నేను మాత్రం కూరగాయల బండి వెనక పారేసిన కుళ్ళు వంకాయల దగ్గర ఆగేదాన్ని. నా బ్యాగులో దువ్వెన ఉన్నా లేకపోయినా నాలుగు ప్లాస్టిక్ కవర్లు, ఒక స్పూను, ఒక మార్కర్ పెన్ను తప్పకుండా ఉండేవి. హాస్టల్లో నా రూమ్మేటు ఒకసారి బ్రెడ్డు మీద పచ్చటి మచ్చ చూసి పారేయబోతే అడ్డుపడి, "ఉండవే, ఇంకో నాలుగు రోజులుంచితే ఇంకా బాగా వస్తుంది" అన్నాను. ఆ పిల్ల మర్నాడే రూము మార్పించుకుంది. (తప్పు ఆమెది కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం సైన్సంటే గౌరవం లేని మనిషని వారం రోజులు తిట్టుకున్నాను.)

గుంటూరులో ఒక ల్యాబులో రీసెర్చి చేసేదాన్ని. పని చెప్పుకోవడానికి చాలా సులువు. ఎక్కడెక్కడి బూజులూ పట్టుకురావాలి, గాజు ప్లేట్లలో పెంచాలి, వాటి పక్కన ముందు మామూలు బ్యాక్టీరియాని, తర్వాత మొండి బ్యాక్టీరియాని వదలాలి. ఆస్పత్రుల్లో వాడే మందులకు కూడా లొంగని రకాలన్న మాట. బూజు ఏదైనా మందులాంటిది వదిలితే దాని చుట్టూ బ్యాక్టీరియా బతకదు, గుండ్రంగా ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆ వలయం కనపడిందంటే కొత్త యాంటీబయాటిక్ దొరికినట్టే అనుకుని నేను చేరిన కొత్తలో గంతులేశాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. రెండేళ్ళలో నేను పెనిసిలిన్ని నాలుగుసార్లు కనిపెట్టాను. ఒకసారి చింతపండులో, రెండుసార్లు పత్తి విత్తనాల్లో, ఒకసారి మా హాస్టలు గోడ మీద. ఇబ్బందల్లా, నాకన్నా చాలా ముందే దాన్ని వేరేవాళ్ళు కనిపెట్టేసి ఉండటం.

మా గైడు మేడం తిట్టే మనిషి కాదు. కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడుచుకుని, "ఇది మనకు తెలిసిందేగా అమ్మా" అనేవారు. అంతే. ఆ కళ్ళజోడు తుడవడం చూస్తే నాకు అన్నం సహించేది కాదు. తిట్టినా బాగుండేది.

ఇలా ఉండగా ఒక మార్చి నెలలో, శని ఆదివారాలు కలిసొచ్చాయని అద్దంకి దగ్గర ఉన్న మా మేనత్త వాళ్ళ ఊరు వెళ్ళాను. (అప్పట్లో అది ప్రకాశం జిల్లా. ఇప్పుడు జిల్లా మారింది, అత్త మాత్రం మారలేదు.) మామయ్య పోయాక ఆరెకరాల మిరప అత్తే చూసుకునేది. ఆవిడ మాటంటే ఊళ్ళో ఒక లెక్క. ఆవిడ కాయంటే గుంటూరు మిర్చి యార్డులో ఒక లెక్క. అత్త బస్తా విప్పితే వ్యాపారులు అడుగు దాకా చెయ్యి పెట్టి చూసేవాళ్ళు కాదని చెప్పుకునేవారు. పైన ఎర్రగా ఉన్నదే అడుగునా ఉంటుందని నమ్మకం. ఆ నమ్మకం మీదే అత్త బతుకంతా నడిచింది. అందుకని ఆవిడ కల్లంలో, అంటే కాయలు ఎండబెట్టే నేల మీద, తాలు కాయ ఒక్కటి ఉండటానికి వీల్లేదు. రంగు పోయి తెల్లబడిన కాయని తాలు అంటారు. ఇక బూజు అనే మాట ఆ ఇంట్లో ఎవరూ పలకరు. మా వైపు ఒకరి కల్లంలో బూజుందా అని అడగటమంటే, మీ ఇంట్లో దొంగలున్నారా అని అడిగినట్టే.

నేను వెళ్ళడానికి ముందు రోజే అకాల వాన పడింది. పట్టాలు కప్పినా ఒక మూల నీళ్ళు దిగాయి. తెల్లారేసరికి అత్త కూలీల్ని పెట్టి కాయలన్నీ తిరగేయిస్తోంది. నేను సాయం చేస్తున్నట్టు నటిస్తూ ఆ మూలకి వెళ్ళాను. కుప్ప అడుగున ఒక కాయ మీద బూడిద రంగులో, అంచులు కొంచెం నీలంగా, మెత్తటి బూజు. అంత అందమైన బూజుని నేను అంతకు ముందు చూడలేదు. నా ప్లాస్టిక్ కవర్లు ఇంట్లో బ్యాగులో ఉండిపోయాయి. అత్త చూస్తోందేమోనని అటూ ఇటూ చూసి, ఆ కాయని చున్నీ కొసకి ముడేసుకుని, ఏమీ ఎరగనట్టు మజ్జిగ తాగడానికి వెళ్ళిపోయాను. మేనత్త ఇంట్లో దొంగతనం చేసిన పాపం ఇప్పటికీ నా ఖాతాలోనే ఉంది.

గుంటూరు వచ్చి కాయ ముక్క కోసి ప్లేటు మీద పెట్టాను. వారం తిరిగేసరికి దాని చుట్టూ చెంచా గుంటంత వలయం. ఇది అయిదోసారి పెనిసిలిన్ కనిపెట్టడమే అనుకుని మేడంకి చెప్పడానికి కూడా సిగ్గేసింది. అయినా సారం తీసి, అణువుల బరువు చెప్పే మిషను ఉన్న చోటికి హైదరాబాదు పంపాం. వచ్చిన బరువు మా దగ్గరున్న జాబితాల్లో దేనితోనూ కలవలేదు. మేడం ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీయలేదు. ఇంకాస్త పైకి నెట్టుకుని రెండోసారి చదివారు. "అమ్మా, ఇది మనకు తెలియంది" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను హాస్టలు దాకా నడిచి వెళ్ళాను. ఆటో ఎక్కాలనే సంగతే గుర్తు రాలేదు.

సంతోషం నెల రోజులుంది. తర్వాత ఆ బూజుకి ఏమొచ్చిందో ఏమో, మొండికేసింది. ప్లేటు నిండా తెల్లగా, బొద్దుగా పెరిగేది. వలయం మాత్రం రోజురోజుకీ చిక్కిపోయి చివరికి పూర్తిగా మాయమైంది. గాజు గొట్టాల్లో పోసి ఫ్రిజ్‌లో దాచిన పాత బూజు తీసి పెంచినా అదే తీరు. దానికి నేను చేయని మర్యాద లేదు. బంగాళాదుంప ఉడకబెట్టిన నీళ్ళు, గ్లూకోజు, చల్లటి గది, అంతా పుస్తకంలో రాసినట్టే. అల్లుడిగారికి జరిగినట్టు జరుగుతోంది, అల్లుడిగారిలాగే ఏ పనీ చేయడం లేదు. ఇంతలో మేడం పిలిచి, వచ్చే నెల కమిటీ వస్తోందన్నారు. "వాళ్ళకి ప్లేటు చూపించాలి. ఒకప్పుడు వలయం ఉండేదని చెబితే వినరు. ప్రాజెక్టు ఆపేస్తారు, నీ ఫెలోషిప్పూ ఆగిపోతుంది" అన్నారు. మూడేళ్ళ పని, నా జీవితంలో నాదంటూ దొరికిన ఒకే ఒక్క సంగతి, గాల్లో కలిసిపోబోతోంది. అలాంటి కాయ ఇంకొకటి దొరికితే తప్ప దారి లేదనిపించి, సిగ్గు విడిచి అద్దంకి బస్సెక్కాను.

జూన్ నెల. కల్లం ఊడ్చి ఖాళీగా ఉంది. అత్త అరుగు మీద కూర్చుని సంవత్సరానికి దాచుకున్న మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. దొంగిలించిన సంగతి మాత్రం మింగేసి, "అనుకోకుండా నా చున్నీకి అంటుకుని వచ్చింది" అన్నాను. అత్త చేతిలో పని ఆగలేదు.

"మా కల్లంలో బూజా?"

"కొంచెమే అత్తా. ఒక్క కాయ మీద."

"పక్కోళ్ళ కల్లం నుంచి గాలికొచ్చి పడుంటది. వాళ్ళు పట్టాలు సరిగ్గా కప్పరు."

"సరే, గాలికే వచ్చింది. అలాంటి కాయ ఇంకోటి ఎక్కడన్నా ఉంటుందా?"

అత్త నా వంక ఒక చూపు చూసింది. నేను నేల చూపులు చూశాను. కాసేపటికి లోపలికి వెళ్ళి జల్లెడ తెచ్చుకుని, ఉన్న కాయల్లోంచి ఒక్కొక్కటి ఏరడం మొదలు పెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే ఆవిడ ఏరుతున్నది మచ్చ లేని కాయలు. పొడుగైనవి, ఒకే రంగువి, తొడిమ పచ్చగా ఉన్నవి. "కాలేజీకి తీసుకెళ్ళేదానికి పుచ్చులియ్యటానికి నాకేమన్నా బుద్ధి లేదా" అంది. విషయం ఎలా పాకిందో గానీ సాయంత్రానికి మరో నాలుగిళ్ళ వాళ్ళు కూడా, చదువుకునే పిల్ల కాయలడుగుతోందట అని తలా ఒక సంచి తెచ్చిచ్చారు. వాటిల్లో భూతద్దం పెట్టి వెతికినా బూజు పోగు కూడా లేదు. బూజు కోసం వెళ్ళినదాన్ని, గుంటూరు జిల్లాలోనూ ప్రకాశం జిల్లాలోనూ అంత శుభ్రమైన మిరపకాయలు ఇంకెవరి దగ్గరా లేని స్థితికి వచ్చాను. ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున బస్సుకి బయలుదేరుతుంటే అత్త గుమ్మం దగ్గర ఆపింది. రాత్రంతా ఆ సంగతే ఆలోచించినట్టుంది.

"అమ్మాయ్, దానికేం పెడతన్నావ్?"

"దేనికి?"

"అదే. నీ దగ్గరున్నదానికి." (బూజు అనే మాట ఆవిడ నోటి నుంచి రాలేదు.)

"బంగాళాదుంప నీళ్ళు, గ్లూకోజు."

అత్త మొహం చూడాల్సిందే. తన ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎవరో పస్తు పెట్టారని విన్నట్టు అయిపోయింది. "మిరపకాయ మీద పుట్టినదానికి చక్కెర నీళ్ళు పోస్తావా? పద్ధాకా తియ్యటి నీళ్ళు తాగిస్తే అది ఎందుకు ఒళ్ళు వంచుద్ది? దాని తిండి దానికి పెట్టి చూడు. ఆ మాత్రం తెలవదా మీ మేడంగారికి?"

బస్సులో చిలకలూరిపేట దాటాక గానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు. మొదటి ప్లేట్ల మీద బూజుతో పాటు కాయ ముక్క కూడా ఉంది. నేను బూజుని వేరు చేసి, ముక్కని పారేశాను. వలయం చిక్కిపోవడం మొదలైంది సరిగ్గా ఆ తర్వాతే. ఒళ్ళో ఉన్న సంచిని రెండు చేతులా పట్టుకుని, పక్కన కూర్చున్న పెద్దాయనతో "తాతగారూ, దొరికింది" అన్నాను. ఆయన పాపం తన సంచి ఉందో లేదో చూసుకున్నాడు.

ల్యాబుకి వెళ్ళిన దగ్గర్నుంచి నాకు ఒళ్ళు తెలియలేదు. మేడం మీటింగులో ఉన్నారు, ఆగే ఓపిక నాకు లేదు. కాయల్ని మిక్సీలో వేసి కారం కొట్టి, ఫ్లాస్కుల్లో నీళ్ళు పోసి, మా ఇంట్లో పప్పులోకి వేసినట్టే ఒక్కొక్క దాంట్లో పిడికెడు చొప్పున వేశాను. నోటుపుస్తకంలో శ్రద్ధగా 'కారం, పిడికెడు' అని రాసుకున్నాను. ఇక దాన్ని ఆటోక్లేవులో పెట్టాలి. ఆటోక్లేవంటే మరేం లేదు, మనిషంత ప్రెషర్ కుక్కరు. లోపల పెట్టినదాంట్లో ఏ క్రిమీ మిగలకుండా ఆవిరితో ఉడికిస్తుంది. టైము కాగానే, చల్లారే దాకా ఆగాలన్న నియమం గుర్తున్నా ఆగకుండా, ఆవిరి వదిలే మర తిప్పేశాను.

ఆ ఆవిరి సంగతి నేను వర్ణించలేను. ఇంట్లో తాలింపులో నాలుగు ఎండు మిరపకాయలు మాడితేనే వీధి చివరి దాకా తుమ్ముతారు. ఇది ఎనిమిది ఫ్లాస్కులు, ఎనిమిది పిడికిళ్ళు, అద్దంకి మొదటి రకం. ముందు మా ల్యాబు వాళ్ళు దగ్గారు. తర్వాత ఎదుటి ల్యాబు. తర్వాత వరండా అంతా. పై అంతస్తులో పరీక్ష రాస్తున్న పిల్లలు సంతోషంగా దగ్గుకుంటూ దిగొచ్చారు. మీటింగులో ఉన్న పెద్దవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఎవరో పోయినప్పుడు నిలబడ్డట్టు వరసగా చెట్ల కింద నిలబడ్డారు. మేడం ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని వచ్చి అందరినీ ఒకసారి కలయజూశారు. ఎవరు చేశారని అడగనక్కర్లేకపోయింది. అంత మందిలో దగ్గకుండా నిలబడింది నేనొక్కదాన్నే. పుట్టిన దగ్గర్నుంచీ కల్లాల్లో పెరిగినదాన్ని, నాకది గాలే.

నన్ను చెట్టు వెనక్కి తీసుకెళ్ళారు. అయిపోయింది, ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. మేడం రెండుసార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "ఆ ఫ్లాస్కులు బాగానే ఉన్నాయా?" అన్నారు. ఉన్నాయన్నాను. "అయితే బూజు వెయ్యి. వాటిలో రెండు మాత్రం ఏమీ వెయ్యకుండా ఉంచు. కారమే బ్యాక్టీరియాని చంపిందని రేపు ఎవరూ అనకూడదు" అన్నారు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను.

తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను ఎవరితో ఏం మాట్లాడానో, ఏం తిన్నానో గుర్తు లేదు. పదో రోజు పొద్దున ప్లేట్లు వెలుతురులో పెట్టి చూశాం. వట్టి కారం నీళ్ళు పోసిన చోట బ్యాక్టీరియా నిక్షేపంగా బతికింది. (గుంటూరు బ్యాక్టీరియా కదా, అలవాటే.) చక్కెర నీళ్ళ బూజు దగ్గరా అంతే. కారం తిన్న బూజు సారం వేసిన చోట మాత్రం, రూపాయి బిళ్ళకన్నా పెద్ద వలయం, అద్దంలా ఖాళీగా. మేడం నోటుపుస్తకం తీసి చూసి, "పిడికెడు అంటే ఎంతమ్మా?" అన్నారు. తక్కెడ తెప్పించి, నా చేత పదిసార్లు పిడికెడు కారం తీయించి, పదిసార్లూ తూయించి సగటు కట్టించారు. నా పిడికిలి ఇప్పటికీ ఆ థీసిస్‌లో గ్రాముల్లో ఉంది. సాయంత్రం అత్తకి ఫోన్ చేసి, "నువ్వు చెప్పిందే నిజం అత్తా" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "కమిటీ ముందు నా గురించి ఏం చెబుతావ్?" అని అడిగింది. నీ పేరు, ఊరి పేరు రానివ్వనని ఒట్టేశాను.

కమిటీ రోజు సెమినార్ హాలు నిండింది. దగ్గినవాళ్ళంతా, దేని కోసం దగ్గారో తెలుసుకుందామని వచ్చారు. చివరి వరుసలో చూస్తే మంగళగిరి చీర కట్టుకుని అత్త. చెప్పకుండా వచ్చేసింది. నేనేం చెబుతానో వినడానికే వచ్చిందని అర్థమైంది. ప్లేట్లు చూపించాను, వలయం చూపించాను, బరువు చూపించాను. అంతా బాగానే సాగింది. అప్పుడు బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దాయన, కమిటీకి అధ్యక్షుడు, అంత సేపూ ఇంగ్లీషులో అడిగినాయన తెలుగులోకి దిగారు.

"అమ్మాయ్, సేకరించిన చోటు దగ్గర 'ఒక మిరప కల్లం' అని రాశావు. ఏ కల్లం? ఎవరిది? ఎవరి ముందు తీశావు? తీసిన కాయ కూడా పారేశానంటున్నావు. ఇది మీ ల్యాబు గాల్లోంచి ప్లేటు మీద పడిన బూజు కాదని ఏమిటి నమ్మకం? అదే అయితే ఇది నువ్వు కనిపెట్టింది కాదు, నీ ప్లేటు మురికైంది, అంతే."

నిజం చెబితే అత్త పరువు. చెప్పకపోతే నా మూడేళ్ళు. మేడం నా వైపే చూస్తున్నారు. నేను బల్ల అంచు పట్టుకుని అలా నిలబడిపోయాను. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆ బూజు మాదేనండి," అంది అత్త.

హాలంతా వెనక్కి తిరిగింది. ఆవిడ ముందు కుర్చీని ఆనుకుని నిలబడి, యార్డులో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. "మా కల్లంలోదే. వానకి ఉత్తరం పక్క పట్టా చిరిగి నీళ్ళు దిగినయ్. పొద్దున అందరికన్నా ముందు నేనే చూశా. బూడిద రంగు, అంచులు నీలం. ఈ పిల్ల ఒక కాయ చున్నీలో ముడేసుకోవటం కూడా చూశా. చూసి కూడా ఊరుకున్నా. మొన్న అడగటానికి వచ్చినా ఒప్పుకోలా. మాది కాదన్నా. తప్పు నాదే."

అధ్యక్షులవారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీరు చూసింది ఇదేనని ఎలా చెప్పగలరండీ? బూజులు చాలా ఉంటాయి కదా."

"చాలా ఉంటయ్యండి. నలభై ఏళ్ళుగా చూస్తన్నా. ఏ బూజు వచ్చినా రెండు రోజులకి ఆ కాయ చివికి నీళ్ళు కారుద్ది, పక్క కాయనీ పాడు చేసుద్ది. ఇది వచ్చిన కాయలు నేను తీయించి దూరంగా పోయించా. వారం తర్వాత చూసినా అవి చివకలా. రంగు పోయింది గానీ కాయ గట్టిగానే ఉంది. ఇదేదో తేడాగా ఉందే అనుకున్నా. అనుకున్నా గానీ, ఎవరితో చెప్పుకుంటా?"

పెద్దాయన అత్త చెప్పిందంతా తన కాగితం మీద రాసుకున్నారు. ఒక్క ముక్క వదలకుండా, ఉత్తరం పక్క పట్టాతో సహా. రాసుకుని నా వైపు తిరిగి, "నీ స్లయిడ్లన్నిటికన్నా ఈ ఒక్క మాట బలమైందమ్మా. కాయని కుళ్ళబెట్టే బ్యాక్టీరియాని ఇది కల్లంలోనే ఆపిందన్న మాట. చోటు పేరు మార్చి రాయి" అన్నారు. ప్రాజెక్టు నిలబడింది. హాల్లో చప్పట్లు ఎవరు మొదలుపెట్టారో చూడలేదు, నేను అప్పటికే ఏడుస్తున్నాను. బయట మెట్ల మీద అత్త నా మొహం తుడిచి, "ఊరుకో. ఇక మన కల్లం సంగతి గుంటూరంతా తెలిసింది. ముందు ఏమన్నా తిందాం పద, ఆకలేస్తంది" అంది. గర్వమంటే ఏమిటో ఆ మెట్ల మీద నాకు తెలిసింది. నా గురించి కాదు, ఆవిడ గురించి.

తర్వాత ఆ బూజు మీద పేపరు అచ్చయింది. అది నిజంగానే కొత్త పదార్థం, అంతకు ముందు లోకంలో ఎవరూ చూడనిది. సేకరించిన చోటు దగ్గర ఊరి పేరు, అత్త పేరు, ఉత్తరం మూల, అన్నీ ఉన్నాయి. మందుగా మాత్రం ఇంకా షాపులోకి రాలేదు. బ్యాక్టీరియాతో పాటు మూత్రపిండాల కణాల్ని కూడా కాస్త ఇబ్బంది పెడుతోంది, దాన్ని సరిచేసే పని ఇప్పుడు నాకన్నా తెలివైన పిల్లలు చేస్తున్నారు. "మన మందు ఎందాకా వచ్చింది?" అని అత్త ఫోన్లో అడుగుతుంది. మన మందు అంటుంది.

నేనిప్పుడు కమిటీల్లో కూర్చునే వయసుకి వచ్చాను. జుట్టుకి రంగు, చేతిలో ఫైలు, గొంతులో గాంభీర్యం, అన్నీ అమిరాయి. ఎవరైనా పిల్ల భయపడుతూ 'ఒక పొలం' అని స్లయిడు మీద వేస్తే, ఏ పొలం, ఎవరిది, ఎవరి ముందు తీశావని కఠినంగా అడుగుతాను. అడిగేసి, జవాబు కోసం ఆ పిల్ల వైపు కాకుండా చివరి వరుస వైపు చూస్తాను. అక్కడ నుంచి ఎవరూ లేవరని తెలుసు. తెలిసీ ప్రతిసారీ చూస్తున్నందుకు నాలో నేనే నవ్వుకుని, ఫైలులో తల దూర్చుకుంటాను.